విషయాల నడుమ భగవత్కథా రుచి

వేదికను అలంకరించిన పెద్దలకు, సభకు విచ్చేసిన సజ్జనులందరికీ నమస్కారం.

ఇటువంటి సభలు ముగిసిన తరువాత శ్రోతలలో కొందరు దగ్గరకు వచ్చి మాట్లాడుతుంటారు. వారి మాటల్లో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. "భగవంతుడున్నాడన్న నమ్మకం మాకు ఉంది, శాస్త్రం మీద గౌరవం ఉంది. అయినా జపానికి కూర్చుంటే పది నిమిషాలు గడవడం కష్టంగా ఉంటుంది. అదే ఫోను చేతిలోకి తీసుకుంటే గంట ఎలా గడిచిపోయిందో తెలియదు. ఆధ్యాత్మికతలో మాకు రుచి ఎందుకు కలగడం లేదు?" అని అడుగుతారు. ఇది నిజాయితీగల ప్రశ్న. రుచి లేకపోయినా ఉన్నట్టు నటించేవారికంటే ఈ మాట పైకి అనగలిగినవారు ఎంతో ముందున్నారని నా అభిప్రాయం. ఈరోజు నా ప్రసంగమంతా ఆ ఒక్క ప్రశ్న మీదనే.

చాలామంది మనసులో ఒక క్రమం స్థిరపడి ఉంది. ముందు రుచి కలగాలి, కలిగాక సాధన మొదలుపెట్టాలి, రుచి లేకుండా చేసే జపమూ పారాయణమూ యాంత్రికమైనవి కనుక వాటివల్ల ప్రయోజనం ఉండదు అని వారు అనుకుంటారు. ఆ రుచి కోసం ఎదురుచూస్తూనే ఏళ్లు గడిపేస్తారు. మన ఆచార్యులు చెప్పిన క్రమం దీనికి తలకిందులుగా ఉంది. వారి లెక్కలో రుచి సాధనవల్ల పుట్టేది. సాధనకు ముందు ఉండి తీరవలసినది కొద్దిపాటి శ్రద్ధ మాత్రమే.

అయితే ముందుగా విషయ సుఖాల సంగతి, అంటే ఇంద్రియాలతో అనుభవించే వస్తువులవల్ల కలిగే సుఖాల సంగతి మాట్లాడుకోవాలి. అవి రుచించవని శాస్త్రం ఎక్కడా అనలేదు. గీత 18వ అధ్యాయంలో శ్రీకృష్ణుడు సుఖాన్ని మూడు విధాలుగా విడదీస్తూ, ఇంద్రియాలకూ విషయాలకూ కలిగే సంయోగంవల్ల పుట్టే సుఖాన్ని "అగ్రేఽమృతోపమమ్" అన్నాడు. మొదట అది అమృతంలాగే ఉంటుందని ఒప్పుకొని, పరిణామంలో విషంలా మారుతుందని హెచ్చరించాడు. సాత్త్విక సుఖం మాట వచ్చేసరికి "యత్తదగ్రే విషమివ" అన్నాడు. అంటే మొదట్లో అది చేదుగా ఉండడం సహజమని స్వయంగా భగవంతుడే చెప్పాడు. దానికి ముందు శ్లోకంలోనే "అభ్యాసాద్రమతే యత్ర" అనే మాట ఉంది. అభ్యాసం చేయగా చేయగా మనిషి అందులో రమిస్తాడట. జపంలో పది నిమిషాలకే విసుగు వచ్చినవారు తమకు అర్హత లేదని కుంగిపోతుంటారు. ఆ విసుగు గీత ముందే చెప్పిన మొదటి మజిలీ. అక్కడ ఆగిపోవడానికి అది కారణం కాకూడదు.

కోరికలన్నిటినీ ద్వేషించమని కూడా మన ధర్మం చెప్పలేదు. పురుషార్థాలలో అర్థకామాలకు స్థానం ఉంది. "ధర్మావిరుద్ధో భూతేషు కామోఽస్మి", ప్రాణులలో ధర్మానికి విరుద్ధం కాని కోరికను నేనే అని గీత ఏడవ అధ్యాయంలో భగవంతుడే అన్నాడు. కనుక సంసారంలో ఉన్నవాడు భోజనం రుచిగా ఉన్నందుకో, పిల్లలను చూసి మురిసిపోయినందుకో అపరాధ భావంతో నలిగిపోనవసరం లేదు. చిక్కంతా మరొకచోట ఉంది. యయాతి మహారాజు తన కుమారుడు పూరుని యౌవనాన్ని తీసుకొని వేయి సంవత్సరాలు భోగాలు అనుభవించి, చివరకు "న జాతు కామః కామానాముపభోగేన శామ్యతి" అన్నాడు. అనుభవిస్తే కోరిక తీరిపోతుందనుకోవడం, నేతితో అగ్నిని ఆర్పాలని చూడడమేనని ఆయన గ్రహించాడు.

మరి అనుభవించడం మానేస్తే తీరిపోతుందా? గీత రెండవ అధ్యాయం 59వ శ్లోకం ఈ ప్రశ్నకు చాలా సూక్ష్మమైన సమాధానం ఇచ్చింది.

విషయా వినివర్తంతే నిరాహారస్య దేహినః
రసవర్జం రసోఽప్యస్య పరం దృష్ట్వా నివర్తతే

ఇంద్రియాలకు ఆహారం పెట్టకుండా ఉన్నవానినుండి విషయాలు తొలగిపోతాయి గానీ, వాటిమీది రుచి తొలగదు. పరమమైనదాన్ని చూసినప్పుడు ఆ రుచి కూడా తొలగిపోతుంది. ఉపవాసం ఉన్నరోజు మనసు రోజంతా వంటింటి చుట్టూ తిరగడం మనలో చాలామందికి అనుభవమే. వస్తువు దూరమైంది, కోరిక దగ్గరే ఉంది. కర్మేంద్రియాలను బిగబట్టి మనసుతో విషయాలనే స్మరించేవాణ్ణి గీత మూడవ అధ్యాయం మిథ్యాచారుడని, అంటే కపట ప్రవర్తన గలవాడని కఠినంగానే పిలిచింది.

భాగవతం తొమ్మిదవ స్కంధంలోని సౌభరి మహర్షి కథ ఈ శ్లోకానికి వ్యాఖ్యానంలాగా ఉంటుంది. ఆయన లోకానికి దూరంగా, యమునా నది నీటిలో మునిగి తపస్సు చేస్తున్నాడు. అంతకంటే ఏకాంతం ఇంకెక్కడ దొరుకుతుంది? అక్కడ ఒక మగచేప తన ఆడచేపలతో ఆనందంగా విహరించడం ఆయన కంటపడింది. ఆ ఒక్క దృశ్యంతో ఆయనకు గృహస్థ జీవితం మీద కోరిక కలిగింది. నీటిలోనుంచి లేచి నేరుగా మాంధాత చక్రవర్తి దగ్గరకు వెళ్లి ఒక కుమార్తెను ఇవ్వమని అడిగాడు. ముడతలు పడిన శరీరంతో, నెరిసిన జుట్టుతో, వణుకుతున్న తలతో ఉన్న ఆయనను చూసి, స్వయంవరంలో నా కుమార్తె వరించితే అలాగే ఇస్తానన్నాడు రాజు. అందులోని అంతరార్థం గ్రహించిన మహర్షి, తన తపశ్శక్తితో దివ్యమైన రూపం పొందాడు. రాజుకున్న యాభై మంది కుమార్తెలూ ఆయననే వరించారు. మేడలు, ఉద్యానాలు, సరస్సులు, దాసదాసీ జనం అన్నీ అమరాయి. అయినా నేతి చుక్కలు పడుతున్న అగ్నిలా ఆయనకు తృప్తి కలగలేదు. చివరకు ఒకనాడు ఏకాంతంగా కూర్చుని తన స్థితిని తలచుకొని ఆయన అన్నమాట ఇది: "ఒంటరి తపస్విని నేను. నీటిలో చేప సాంగత్యంవల్ల యాభైమందినయ్యాను, ఆపైన సంతానంతో అయిదు వేలమందినయ్యాను."

నీటిలో మునిగి కూర్చున్నా ఆకర్షణ వెతుక్కుంటూ వచ్చిందంటే, స్థలం మార్చుకున్నంత మాత్రాన రుచి మారదన్నమాట. "ఉద్యోగ విరమణ తరువాత ఏదైనా క్షేత్రానికి వెళ్లి స్థిరపడితే మనసు దానంతటదే కుదురుకుంటుంది" అనుకునేవారు సౌభరి కథను ఒకసారి శ్రద్ధగా చదవాలి. మహర్షి చివర చేసిన నిర్ణయంలో మరో ముఖ్యమైన సంగతి ఉంది. మోక్షం కోరేవాడు విషయలోలుర సాంగత్యం విడిచి ఏకాంతంలో మనసును అనంతుడైన ఈశ్వరునిపై నిలపాలనీ, సాంగత్యమే కావాలంటే అదే వ్రతంగా గల సాధువుల సాంగత్యం చేయాలనీ ఆయన చెప్పాడు. పతనానికి కారణమైనదీ సాంగత్యమే, లేవడానికి ఆయన చూపిన మార్గమూ సాంగత్యమే.

సంగం, అంటే మనసు ఒకదానికి అతుక్కోవడం, ఎలా పుడుతుందో గీత ఇంకా స్పష్టంగా చెప్పింది: "ధ్యాయతో విషయాన్ పుంసః సంగస్తేషూపజాయతే." పదే పదే దేనిని తలుచుకుంటే దానిమీద సంగం పుడుతుంది, సంగం నుంచి కామం పుడుతుంది. ఈ శ్లోకాన్ని మనం పతనానికి మెట్లుగా మాత్రమే చదువుతాం. మనసు పనిచేసే తీరు కూడా ఇందులో ఉంది. మొదట ఎవరికీ అవసరమనిపించని వస్తువును పదిసార్లు చూపిస్తే, అది లేకపోతే జీవితమే వెలితి అన్నంతగా మనసు దానికి అతుక్కుపోతుంది. ఈనాటి వ్యాపార ప్రకటనలన్నీ నడుస్తున్నది ఈ సూత్రం మీదనే. అయితే ఈ సూత్రం విషయాలకు ఎంత వర్తిస్తుందో భగవంతునికీ అంతే వర్తిస్తుంది. ఆయన గుణాలను, కథలను పదే పదే తలుచుకునే మనసుకు ఆయన మీద సంగం పుట్టక తప్పదు. యోగసూత్రాలకు వ్యాసభాష్యం రాసిన మహర్షి చిత్తాన్ని రెండు వైపులా ప్రవహించే నది అన్నాడు. అది కళ్యాణం వైపూ ప్రవహిస్తుంది, పాపం వైపూ ప్రవహిస్తుంది. వైరాగ్యం విషయాల వైపు ప్రవాహాన్ని కట్టివేస్తుంది, అభ్యాసం వివేకం వైపు ప్రవాహాన్ని తెరుస్తుంది. ఈ రెండు పనులూ కలిసి జరగాలి. ఒకవైపు అడ్డుకట్ట వేసి రెండోవైపు దారి తెరవకపోతే నీరు కట్టను తెంచుకొనే పోతుంది. వైరాగ్యం పేరిట అన్నీ బలవంతంగా మానేసి, వాటి స్థానంలో మనసుకు ఏమీ అందించనివారిలో కనిపించే చిరాకు, కోపం అలా పుట్టినవే.

ఇక రుచి పుట్టుక గురించి. భాగవతం మొదటి స్కంధంలో నారద మహర్షి తన పూర్వజన్మ వృత్తాంతాన్ని వ్యాసునికి స్వయంగా చెప్పుకున్నాడు. ఆ జన్మలో ఆయన ఒక దాసీ కుమారుడు. వానాకాలంలో చాతుర్మాస్య దీక్షతో ఒకచోట ఆగిన యోగులకు ఆ బాలుడు సేవ చేసేవాడు. అల్లరి చేయడు, ఆటలకు పోడు, ఎక్కువ మాట్లాడడు. ఆ మహాత్ములు ప్రతిరోజూ కృష్ణకథలు గానం చేస్తుండేవారు. వారి అనుగ్రహంవల్ల ఆ బాలుడు వాటిని అడుగడుగునా శ్రద్ధగా విన్నాడు. అలా వింటుండగా తనకేమైందో నారదుడు చెప్పిన మాట "మమాభవద్రుచిః", నాకు రుచి కలిగింది అని. ఇక్కడ క్రమాన్ని గమనించండి. ముందు సేవ, తరువాత వినికిడి, ఆ వినికిడిలో శ్రద్ధ, అటుపైన రుచి. ఆ పిల్లవాడు రుచి కలిగి వినడానికి వెళ్లలేదు. తల్లి పనిచేసే చోట తానూ ఉన్నాడు, పెద్దలు చెప్పిన పని చేశాడు, చెవిన పడినదాన్ని ఆదరంగా విన్నాడు. అదే స్కంధంలో భాగవతాన్ని వినిపించిన సూతుడు కూడా మహాత్ముల సేవవల్ల, పుణ్యతీర్థాల సేవనంవల్ల వాసుదేవ కథలమీద రుచి కలుగుతుందని, వింటున్న శౌనకాది మహర్షులతో చెప్పాడు. రుచిగలవారి దగ్గర కూర్చుంటే రుచి అబ్బుతుంది. సంగీతం తెలియని మనిషి రసికుల పక్కన కూర్చుని కచేరీలు వినగా వినగా రాగంలోని అందాన్ని పట్టుకోవడం మనం చూస్తూనే ఉన్నాం.

16వ శతాబ్దంలో బృందావనంలో జీవించిన భక్తిమార్గ ఆచార్యుడు రూపగోస్వామి ఈ క్రమాన్ని మరింత వివరంగా చెప్పాడు. ఆయన చెప్పిన వరుసలో మొదటిది శ్రద్ధ. తరువాత సాధుసంగం, భజనక్రియ, అనర్థ నివృత్తి అంటే లోపలి దోషాలు తొలగడం, నిష్ఠ అంటే సాధనలో స్థిరత్వం. వీటన్నిటి తరువాత ఆరవ మెట్టు మీద రుచి ఉంది. దాని తరువాత ఆసక్తి, భావం, చివరన ప్రేమ. మనం మొదటి మెట్టు మీద నిలబడి, ఆరవ మెట్టు మీద దొరికేది ఇంకా దొరకలేదని దిగులుపడుతున్నాం. ముఖ్యంగా నిష్ఠ తరువాతనే రుచిని పెట్టారు ఆయన. రోజూ చేయడం అనేది స్థిరపడిన తరువాత, చేయడంలోని ఆనందం తెలుస్తుంది.

ఆయనదే మరొక శ్లోకంలో పిత్తరోగి ప్రస్తావన ఉంది. పిత్తం ప్రకోపించిన నాలుకకు కలకండ కూడా చేదుగా తోస్తుంది. లోపం కలకండలో లేదు. ఆ రోగానికి ఆ కలకండే మందు. అవిద్య అనే పిత్తంతో బాధపడే మనకు భగవన్నామం రుచించదు. అయినా దాన్ని "ఆదరాత్ అనుదినం" సేవిస్తే క్రమంగా తీపి తెలుస్తుంది, రోగమూ మూలంతో సహా పోతుంది అన్నాడాయన. ఇక్కడ నన్ను ఎంతో ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. పతంజలి మహర్షి అభ్యాసం దృఢపడాలంటే దీర్ఘకాలం, ఎడతెగకుండా, సత్కారంతో, అంటే ఆదరంతో చేయాలన్నాడు. రూపగోస్వామి భక్తిమార్గానికి చెందినవాడు, పతంజలి యోగమార్గానికి చెందినవాడు. ఇద్దరూ ప్రతిరోజూ చేయమన్నారు, ఆదరంతో చేయమన్నారు. రుచితో చేయమని ఇద్దరిలో ఎవరూ అనలేదు. రుచి మన చేతిలో లేదు. ఆదరం మన చేతిలో ఉంది.

ఆదరం ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చూద్దాం. ఒకాయన తెల్లవారుజామున జపానికి కూర్చున్నాడనుకోండి. మాల తిరుగుతున్నది, నాలుక మీద నామం ఆడుతున్నది, మనసు మాత్రం నిన్న ఎవరో అన్న మాటకు ఇప్పుడు జవాబు చెబుతున్నది. వేళ్లు పూసలను దాటుకుంటూ పోతున్నాయి. మేరుపూస వేలికి తగిలినప్పుడుగానీ 108 పూర్తయినట్టు ఆయనకు తెలియలేదు. ఇక్కడ రెండు మార్గాలున్నాయి. "ఛీ, ఇదేం జపం" అని మాల పక్కన పెట్టి లేచిపోవడం ఒకటి. మాలను తిప్పి పట్టుకొని, ఈసారి తన నోటినుంచి వచ్చే నామాన్ని తన చెవితో వినే ప్రయత్నం చేయడం రెండోది. రెండోసారి కూడా మనసు పదో పూస దగ్గర జారిపోవచ్చు. జారిన సంగతి తెలిసినచోట నుంచి మళ్లీ వినడం మొదలుపెట్టాలి. విసుక్కోకుండా అలా మళ్లీ మళ్లీ వెనక్కి తెచ్చుకోవడమే ఆదరం. ఎక్కువ సంఖ్య చేయాలన్న ఆత్రంతో చేసే జపంకంటే, ఇలా విని చేసిన ఒక్క మాల మనసులో ఎక్కువ పని చేస్తుంది. సమయం కూడా అంతే. ఆదివారం మూడు గంటలు కూర్చుని మిగతా ఆరు రోజులు వదిలేయడంకంటే, రోజూ ఒకే వేళకు పావుగంట కూర్చోవడం మేలు.

రుచి పుట్టడం మొదలయ్యాక ఏం జరుగుతుందో మన తెలుగు వాగ్గేయకారులు, కవులు పాడి చూపించారు. త్యాగరాజస్వామి కళ్యాణి రాగంలో "నిధి చాల సుఖమా, రాముని సన్నిధి సేవ సుఖమా" అని అడిగి, ఆ వెంటనే "నిజముగ బల్కు మనసా" అన్నాడు. చరణంలో "దధి నవనీత క్షీరములు రుచో, దాశరథి ధ్యాన భజన సుధారసము రుచో" అని మళ్లీ అడిగాడు. పెరుగు, వెన్న, పాలు రుచిలేనివని ఆయన అనలేదు. రెండూ చవిచూసిన మనసును నిలబెట్టి నిజం చెప్పమన్నాడు. ఒకటే చవిచూసిన మనసును ఈ ప్రశ్న అడిగితే అది నిజాయితీగా ఏం చెబుతుందో మనకు తెలుసు. అందుకే పోల్చి చూడడానికి తగినంతగా రెండోదాన్ని కూడా మనసుకు చవిచూపించడం మన బాధ్యత. పోతనామాత్యుని ప్రహ్లాదుడు "మందార మకరంద మాధుర్యమున దేలు మధుపంబు వోవునే మదనములకు" అన్నప్పుడు, ఉమ్మెత్త పూల దగ్గరకు పోవద్దని తుమ్మెదను ఎవరూ కట్టేయలేదు. మందార మకరందం రుచి తెలిసింది కనుక అదే పోవడం లేదు. గీతలోని "పరం దృష్ట్వా నివర్తతే" అన్న మాటకు ఇంతకంటే అందమైన తెలుగు నేనెక్కడా చూడలేదు.

గృహస్థులకు ఇదంతా సాధ్యమా అని కొందరు అడుగుతారు. అంబరీషుడు సామ్రాజ్యాన్ని ఏలుతూనే మనసును కృష్ణ పాదాలకు, వాక్కును ఆయన గుణవర్ణనకు, చేతులను ఆలయాన్ని శుభ్రం చేయడానికి, చెవులను సత్కథలు వినడానికి వినియోగించాడని భాగవతం చెప్పింది. ఇంద్రియాలను చంపుకోమనలేదు, వాటికి వేరే పని ఇమ్మన్నది. చూడాలనుకునే కంటికి దైవమూర్తి అలంకరణ, వినాలనుకునే చెవికి కీర్తన, తినాలనుకునే నాలుకకు నివేదించిన ప్రసాదం మన ఆచారాలలో ఎప్పటినుంచో ఉన్నాయి.

సాధనలో కొంత దూరం నడిచినవారికి ఎదురయ్యే బాధ ఇంకొకటుంది. మొదట్లో కలిగిన ఆనందం హఠాత్తుగా మాయమవుతుంది. నిన్నటిదాకా కన్నీళ్లు తెప్పించిన కీర్తన ఈరోజు పొడిగా వినిపిస్తుంది. మళ్లీ నారదుని దగ్గరకే వెళ్దాం. తల్లి మరణించాక ఆ బాలుడు ఉత్తర దిశగా నడిచి, నిర్జనమైన అడవిలో ఒక రావిచెట్టు కింద కూర్చుని ధ్యానం చేశాడు. హృదయంలో భగవంతుడు దర్శనమిచ్చాడు, అంతలోనే అంతర్ధానమయ్యాడు. ఎంత ప్రయత్నించినా ఆ రూపం మళ్లీ కనిపించలేదు. అప్పుడు వినిపించిన వాక్కు ఇలా చెప్పింది: "ఈ జన్మలో నీవు నన్ను మళ్లీ చూడలేవు. నీకు నాపై కోరిక పెరగడానికే ఈ రూపాన్ని ఒక్కసారి చూపించాను." ఆ రుచి ఎందుకు తొలగించబడిందో ఇక్కడ భగవంతుడే చెప్పాడు. నారదుడు ఆ వియోగాన్ని తిరస్కారంగా తీసుకోలేదు. శిరస్సు వంచి నమస్కరించి, సిగ్గు విడిచి నామాలు పాడుకుంటూ భూమి అంతా తిరిగాడు.

రుచి కలిగిందని ఎలా తెలుస్తుందన్న ప్రశ్న మిగిలింది. శౌనకాది మహర్షులు సూతునితో, భగవంతుని కథలు ఎంత విన్నా తమకు తృప్తి కలగడం లేదని, అవి రసజ్ఞులకు "స్వాదు స్వాదు పదే పదే", అడుగడుగునా తీయనివేనని అన్నారు. విన్న కథనే మళ్లీ విన్నా కొత్తగా అనిపించడం ఒక గుర్తు. ఒకరోజు సాధన తప్పితే, ఎవరూ అడగకపోయినా లోపల ఏదో వెలితిగా ఉండడం ఇంకొకటి. మూడవ గుర్తు ప్రహ్లాదునిలో కనిపిస్తుంది. నిజమైన రుచి కలిగినవానికి, అది లేనివారిమీద చిన్నచూపు ఉండదు. గురువులు ఇంటి పనులమీద వెళ్లిన సమయంలో తోటి రాక్షస బాలకులు ఆడుకుందాం రమ్మని పిలిచారు. ప్రహ్లాదుడు వారిని కసురుకోలేదు, చేతుల్లోని ఆటవస్తువులను లాక్కోలేదు. నవ్వుతూ, దయతో, మధురంగా మాట్లాడాడు. ఆయన మీది గౌరవంతో ఆ పిల్లలే ఆటవస్తువులు వదిలిపెట్టి, చుట్టూ చేరి ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చున్నారు. పిల్లల చేతిలోని ఫోను లాక్కొని స్తోత్రాల పుస్తకం పెట్టే తల్లిదండ్రులు ఇక్కడ ఉంటే, భాగవతం ఏడవ స్కంధం ఐదవ అధ్యాయం చివర, ఆరవ అధ్యాయం మొదట ఉన్న ఈ ఘట్టాన్ని ఇంటికి వెళ్లాక ఒకసారి తెరిచి చదవండి. ముందు మీరు చదువుకోండి. పిల్లలు పక్కన వచ్చి కూర్చుంటే వారికి వినిపించండి.

ఇంతసేపు ఓపికగా విన్న మీ అందరికీ నమస్కరించి సెలవు తీసుకుంటున్నాను.